దక్కన్ ఎయిర్‌వేస్ ఎటు పోయింది?

(విద్యార్థులు, ఉద్యోగుల సదస్సులో ఒక జర్నలిస్టు చేసిన ప్రసంగ పాఠం)



పోయిన నెల ఒక కాలేజీలో మీటింగు ముగించుకొని బయటికి వస్తుంటే ఒక తమ్ముడు ఆపి అడిగిండు. "అన్నా, నిజాం కాలంలనే మనకు సొంత విమానాల కంపెనీ ఉండెనట గదా! గది ఎవలు ఎత్తుకపోయిండ్రు?"

ఆ ప్రశ్నలో సగం నిజం ఉంది, సగం కోపం ఉంది. కోపం తప్పని నేననను. ధర్నాలల్ల, రాస్తారోకోల్ల మీతోపాటు కూసున్నవాణ్నే. కానీ కోపంతో చెప్పే చరిత్ర ఎదుటివాడు వేసే మొదటి ప్రశ్నకే కూలిపోతుంది. అందుకే ఆ తమ్మునికి తొవ్వల చెప్పలేకపోయిన జవాబు ఇయ్యాల మీ అందరి ముందట చెప్తున్నా. హైదరాబాద్ దగ్గర మొదలుపెడితే ఆ ముచ్చట అర్థం కాదు. విమానం దగ్గర మొదలుపెట్టాలె.

యుద్ధం విడిచిపోయిన విమానం

ఆ విమానం పేరు డకోటా. అమెరికాలో డగ్లస్ కంపెనీ తయారు చేసింది. అసలు పేరు డీసీ-3. మొదటిసారి ఎగిరింది 1935 డిసెంబర్ 17న. రెండు ఇంజన్లు, ఒక్కోటి సుమారు 1200 గుర్రాల బలం. గంటకు 270 కిలోమీటర్ల దరిదాపు వేగం. మొదట ఇరవై ఒక్క మంది కూసునేది, తర్వాత ఇరవై ఎనిమిది దాకా ఇరికించారు. వెనక తోక కింద చిన్న చక్రం ఉండటం వల్ల నేల మీద నిలబడితే ముక్కు పైకి లేచి ఉండేది. ప్రయాణికుడు లోపలికి ఎక్కినంక గుట్ట ఎక్కినట్టు తన సీటు దాకా ఎక్కాల్సిందే. లోపల గాలి ఒత్తిడి నిలిపే ఏర్పాటు లేదు కాబట్టి మబ్బుల పైకి పోలేదు, మబ్బుల నడుమనే పోయేది. వానకాలం వచ్చిందంటే కడుపుల పేగులు కదిలేవి. చెవులకు పెట్టుకొమ్మని దూది, చప్పరించమని చాక్లెట్ ఇచ్చేవాళ్లు.

ఇన్ని ఇబ్బందులున్నా దానికి ఒక గొప్ప గుణం ఉంది. దానికి సిమెంటు రన్‌వే అక్కర్లేదు. గడ్డి మైదానమైనా, గట్టి మట్టి నేలైనా చాలు. రిపేరు తేలిక. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం కోసం ఈ రకం విమానాలు పది వేలకు పైగా తయారైనయి. 1945లో యుద్ధం ముగిసింది. అన్ని విమానాలను సైన్యం ఏం చేసుకుంటది? జుమేరాత్ బజార్‌లో పాత సామాన్లు అమ్మినట్టు అమ్మేశారు. బర్మా, చైనా యుద్ధరంగం కోసం మన దేశానికి వచ్చిన డకోటాలు ఇక్కడనే మిగిలిపోయినయి. బెంగళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ ఫ్యాక్టరీలో వాటికి సీట్లు బిగించి ప్రయాణికుల విమానాలుగా మార్చారు.

దీని ఫలితం ఏంది? అప్పటిదాకా విమానాల కంపెనీ అంటే సామ్రాజ్యాల సంగతి. బ్రిటన్‌కు బీఓఏసీ, హాలండ్‌కు కేఎల్ఎం, అమెరికాకు పాన్‌యామ్. ఇప్పుడు చిన్న దేశం, చిన్న సంస్థానం, చివరకు స్వాతంత్ర్యం కోసం కొట్లాడుతున్న జనం గూడ విమానం కొనగలిగిన రోజు వచ్చింది.

బంగారమిచ్చి కొన్న విమానం

ఒక్క ఉదాహరణ చెప్తా. ఇండోనేషియాలో సుమత్రా దీవి ఉత్తరపు కొసన ఆచే అనే ప్రాంతం ఉంది. డచ్చి పాలకులతో పోరాటం నడుస్తున్న 1948 జూన్‌లో సుకర్ణో అక్కడికి పోయి, మన రిపబ్లిక్‌కు ఒక విమానం కావాలని అడిగిండు. ఆచే జనం నగలు ఒలిచిచ్చారు, చందాలు వేసుకున్నారు. ఇరవై కిలోల బంగారమంత విలువైన సొమ్ము జమైంది. ఆ సొమ్ముతో సింగపూర్ నుంచి ఒక డకోటా కొన్నారు. దానికి సెలావా అని పేరు పెట్టారు. వాళ్ల భాషలో బంగారు కొండ అని అర్థం. ఆ విమానం నంబరు ఆర్ఐ-001.

1948 డిసెంబర్‌లో దాన్ని మరమ్మతు కోసం మన కలకత్తాకు పంపారు. అది కలకత్తాలో ఉండగానే, డిసెంబర్ 19న డచ్చి సైన్యం రిపబ్లిక్ రాజధాని యోగ్యకర్త మీద దాడి చేసింది. విమానం ఇంటికి పోలేకపోయింది. 1949 జనవరిలో రంగూన్‌కు పోయి, బర్మా ప్రభుత్వానికి కిరాయికి తిరిగి, సంపాదించిన పైసలతో పోరాటానికి ఆసరా అయింది. దేశం చేతిలో లేదు గానీ, దేశం పేరున విమానాల కంపెనీ మాత్రం పరాయి నేల మీద నడిచింది.

తర్వాత జరిగింది గూడ వినాలె. 1950లో అదే ఆచేను రాష్ట్రంగా రద్దు చేసి ఉత్తర సుమత్రాలో కలిపేశారు. 1953లో అక్కడ తిరుగుబాటు లేచింది. 1959లో ప్రత్యేక ప్రాంతం హోదా ఇచ్చారు. ఆ తర్వాత మళ్లీ దశాబ్దాల సాయుధ పోరాటం జరిగింది. 2005లో హెల్సింకీ ఒప్పందంతోగాని తుపాకులు ఆగలేదు. బంగారమిచ్చిన చేతులకు దక్కింది ఇదీ.

బేగంపేటలో మన డకోటాలు

ఇగ మన ఇంటికి వద్దాం. 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి దక్కన్ ఎయిర్‌వేస్ పెట్టారు. పెద్ద వాటా హైదరాబాద్ సర్కారుదే. 1946లో బేగంపేట నుంచి సర్వీసులు మొదలైనయి. నడిపినవి ప్రధానంగా డకోటాలే. బొంబాయి, మద్రాసు, బెంగళూరు, నాగపూర్, ఢిల్లీలకు పోయేవి. ఆర్టీసీ మిత్రులు ఇక్కడ ఒకటి యాదికి తెచ్చుకోవాలె. 1932లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మన బస్సు సర్వీసు మొదలుపెట్టింది నిజాం రైల్వేనే. రైలు, బస్సు తర్వాత విమానం కూడా ఈ నేల మీదకు వచ్చింది.

చెల్లెళ్లకు ఒక ముచ్చట. మన దేశంలో మొట్టమొదటి మహిళా కమర్షియల్ పైలట్ ప్రేమ్ మాథుర్. 1947లో లైసెన్సు వచ్చింది. ఆడమనిషి విమానం తోలితే జనం ఎక్కరని కంపెనీలు వెనక్కి తిప్పి పంపిన కాలమది. ఆమెకు కొలువిచ్చింది దక్కన్ ఎయిర్‌వేసే. 1949లో ఆమె జాతీయ విమాన పందెం గెలిచింది. అయితే ఇక్కడ కో-పైలట్ సీటే దొరికింది గానీ, కెప్టెన్ కావాలన్న కోరిక తీరలేదు. మెచ్చుకునేది మెచ్చుకుందాం, తక్కువైంది తక్కువైందని చెప్దాం.

తక్కువైంది ఇంకోటుంది, అది చిన్నది కాదు. బేగంపేటలో విమానాలు లేచిన 1946వ సంవత్సరంలోనే, జూలై 4న, కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగిండు. ఒకదిక్కు ఢిల్లీకి విమానం, ఇంకోదిక్కు దొర గడీ ముందట వెట్టి. ఆ డకోటాల్లో ఎక్కింది నవాబులు, అధికారులు, వ్యాపారులు. పాలమూరు కూలోడు, నల్లగొండ రైతు తల పైకెత్తి మోత మాత్రమే విన్నరు. 1948లో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా మనిషి కరాచీ నుంచి పెద్ద విమానాల్లో ఆయుధాలు తెచ్చి నిజాం సర్కారుకు చేరేసిండు. విమానం దానికదే ప్రగతి కాదు. అది ఎవరి చేతిలో ఉంది, ఎవరి కోసం ఎగురుతున్నదన్నదే అసలు లెక్క. నిజాం విమానాలు తెచ్చిండని పాడేవాళ్లు కడవెండిని మరువొద్దు. కడవెండిని తలిచేవాళ్లు, ఆ కంపెనీ జనం సొమ్ముతో పెట్టిందన్న సంగతీ మరువొద్దు.

1953లో ఏం జరిగింది

ఇప్పుడు తమ్ముని ప్రశ్న. ఎవరు ఎత్తుకపోయారు?

డకోటాలు అగ్గువకు దొరికేసరికి దేశమంతటా కంపెనీలు పుట్టుకొచ్చినయి. ఒడిషా బిజూ పట్నాయక్ కళింగ ఎయిర్‌లైన్స్ పెట్టిండు. 1947 జూలైలో ఆయన డకోటా తోలుకుంటూ పోయి ఇండోనేషియా నాయకుడు షహ్రీర్‌ను డచ్చివాళ్ల దిగ్బంధం నుంచి బయటికి తెచ్చిండు. కానీ సాహసాలతో జీతాలు ఎల్లవు. కంపెనీలు ఎక్కువ, ఎక్కేవాళ్లు తక్కువ. అంబికా, జూపిటర్ కంపెనీలు కొన్నేళ్లకే మూతపడ్డాయి. 1949 జనవరి 30న రాత్రి టపా విమానాలు మొదలైనయి. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి రాత్రి బయల్దేరిన విమానాలు నడిరాత్రి నాగపూర్‌లో కలుసుకొని, ఉత్తరాల సంచులు మార్చుకొని, తెల్లారేసరికి ఇల్లు చేరేవి. అయినా నష్టాలు ఆగలేదు. 1950లో జస్టిస్ రాజాధ్యక్ష కమిటీ లెక్కలు చూసి, ఉన్న ప్రయాణికులకు ఇన్ని కంపెనీలు ఎక్కువని తేల్చింది.

1953లో ఎయిర్ కార్పొరేషన్ల చట్టం వచ్చింది. కేంద్ర మంత్రి జగ్జీవన్ రామ్. ఆగస్టు 1న ఎనిమిది కంపెనీలను కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్ చేశారు. అందులో మన దక్కన్ ఎయిర్‌వేస్ ఒకటి. చేతికొచ్చిన విమానాలు 99. వాటిలో 74 డకోటాలు, 12 వైకింగులు, 3 డీసీ-4లు, మిగిలినవి చిన్నచిన్నవి. చట్టం ప్రకారం కంపెనీలకు పరిహారం ఇచ్చారు.

కాబట్టి తమ్ముడూ, ఇది దొంగతనం కాదు. ఆంధ్ర పాలకులు చేసింది అసలే కాదు. 1953లో హైదరాబాద్ రాష్ట్రం వేరుగానే ఉంది, బూర్గుల ముఖ్యమంత్రిగా ఉన్నడు. మనతోపాటు బెంగాల్ కంపెనీ పోయింది, ఒడిషా కంపెనీ పోయింది, టాటాల ఎయిర్ ఇండియా పోయింది. ఈ మాట ఉద్యమ వేదిక మీద చెప్పడానికి నాకేం బెరుకు లేదు.

ఇంకో నిజం గూడ చెప్పాలె. కలపకపోయినా ఒక్క దక్కన్ ఎయిర్‌వేస్ బతికేది కష్టం. కాలం జెట్ విమానాల వైపు పోయింది. 1952 మే 2న బీఓఏసీ వాళ్ల కామెట్ ప్రయాణికులతో లండన్ నుంచి జొహానెస్‌బర్గ్‌కు లేచింది. అంత పెద్ద కంపెనీకి కూడా ఆ పోటీ ఖరీదైంది. 1954లో రెండు కామెట్‌లు గాలిలోనే విచ్చిపోయినయి. లోహం అలసిపోయి పగులుతుందని అప్పుడు తెలిసొచ్చింది. 1958లో పాన్‌యామ్ బోయింగ్ 707తో అట్లాంటిక్ దాటింది. ఒక్కో విమానం ధర చూస్తే చిన్న కంపెనీల కళ్లు తిరిగినయి. ప్రపంచమంతటా చిన్నవాళ్లు కలవక తప్పలేదు.

కలిసినోళ్లు ఎట్ల కలిసిండ్రు

అసలు పాఠం ఇక్కడుంది. కలవడం ఒకటే, కలిసిన తీరు వేరు.

1946లోనే డెన్మార్క్, నార్వే, స్వీడన్ కలిసి ఎస్ఏఎస్ అనే ఒకే కంపెనీ పెట్టుకున్నయి. కానీ వాటాలు ముందే రాసుకున్నయి. ఏడు వంతులు చేస్తే స్వీడన్‌కు మూడు, డెన్మార్క్‌కు రెండు, నార్వేకు రెండు. రాసుకున్న మాట నిలబెట్టుకున్నరు. దశాబ్దాలపాటు ముగ్గురి జెండాలూ ఒకే విమానం మీద ఎగిరినయి.

అదే 1946లో కెన్యా, ఉగాండా, టాంగనీకాలు కలిసి ఈస్ట్ ఆఫ్రికన్ ఎయిర్‌వేస్ నడిపినయి. డ్రాగన్ రాపీడ్ అనే చిన్న విమానాలతో మొదలై, డకోటాల మీదుగా జెట్‌ల దాకా ఎదిగింది. అక్కడ కూడా వాటాలు ఉన్నయి. కానీ బాకీలు కట్టుడు దగ్గర తగాదాలు ముదిరినయి. 1977లో కంపెనీ కుప్పకూలి ఎవరి కంపెనీ వాళ్లు పెట్టుకున్నరు.

మన సంగతి మూడో రకం. ఎనిమిది కంపెనీలు కలిసినప్పుడు పరిహారం లెక్క రాశారు గానీ, ఏ ప్రాంతానికి ఏ నిర్ణయంలో ఎంత మాట ఉంటదన్నది రాయలేదు. ఏ ఊరికి విమానం పోవాలె, కొత్త విమానం ఎక్కడ దింపాలె అన్నది ఢిల్లీలో తేలింది. హైదరాబాద్‌కు ఏమీ రాలేదని నేననను. ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్ల శిక్షణ కేంద్రం ఇక్కడనే పెట్టారు. కానీ అది వాళ్లు ఇచ్చింది, మనం మాట్లాడుకొని తెచ్చుకున్నది కాదు.

మూడేండ్లకే, 1956లో, మనకు పెద్దమనుషుల ఒప్పందం అనుభవమైంది. రాసుకున్నది అమలు కాకపోతే ఏమైతదో మీకు నేను చెప్పనక్కర లేదు. రాయకపోతే ఒక బాధ, రాసి నిలబెట్టుకోకపోతే ఇంకో బాధ. విమానాల చరిత్ర చెప్పేది కూడా ఇదే.

ఇప్పుడు మన పని

కాలచక్రం ఎట్ల తిరిగిందో చూడండి. 2007లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది. 2008 మార్చిలో శంషాబాద్ తెరుచుకొని, బేగంపేటలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయినయి. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. 2022 జనవరిలో ఎయిర్ ఇండియా మళ్లీ టాటాల చేతికి పోయింది. 1945లో నిజాం సర్కారు పక్కన కూసున్న భాగస్వామికి తన కంపెనీ తిరిగొచ్చింది. మరి రెండో భాగస్వామికి, అంటే ఈ నేల జనానికి, ఏం మిగిలింది?

ఆచే ముఖ్యపట్టణం బందా ఆచేలో బ్లాంగ్ పాదాంగ్ అనే మైదానం ఉంది. అక్కడ సెలావా గుర్తుగా ఒక డకోటాను ఎత్తు మీద నిలబెట్టుకున్నరు. బడి పిల్లలు దాని కింద నిలబడి, మా ముత్తవ్వలు గాజులిచ్చి కొన్న విమానమని చెప్పుకుంటరు. మనకు ఆ సోయి ఉందా?

అందుకే ఒక్క పని అడుగుతున్నా. మీ ఇండ్లల్ల, మీ బస్తీల పాత సందూకులు తెరవండి. బేగంపేటలో ఇంజన్ విప్పినోడు, సామాను మోసినోడు, టికెట్ రాసినోడు ఎవరి తాతో అయి ఉంటడు. ఒక టికెట్ ముక్క, ఒక టైంటేబుల్, యూనిఫారం గుండీ, జీతం చీటీ, ఏది దొరికినా పారెయ్యొద్దు. పెద్దలు బతికుంటే వాళ్ల మాట రికార్డు చేయండి. నవాబు ఎక్కిన సంగతి పుస్తకాల్లో దొరుకుతది. తోక చక్రం కింద చెక్క పెట్టిన కార్మికుని సంగతి మీరు రాస్తేనే దొరుకుతది.

ఆ తమ్ముడు మళ్లీ కనబడితే చెప్తా. "ఎవలూ ఎత్తుకపోలే తమ్మీ. లెక్క రాసుకోకుంట కలిపిండ్రు, మనం అడగలే. ఇప్పుడన్నా రాసుకుందాం."