స్థూలకాయము – పాదముల బరువు



ఊరిలో నొక పెద్దమనిషి పొలమునకు బోవుట మానినచో, వయసు మీఱినదని యెల్లరును దలంతురు. ఆయనయు నట్లే తలంచి అరుగు విడువకుండును. కాని పలుమాఱు తప్పు వయస్సుది కాదు, ఒంటి బరువుది. వయస్సును తగ్గించుకొనలేము, బరువును తగ్గించుకొనవచ్చును. అందుచేతనే ఈ ప్రసంగము.

మన పాదమున 26 ఎముకలు గలవు. లోపలివైపున నవి వింటివలె వంగియుండును. మడమనుండి వ్రేళ్లవఱకు అడుగున నొక గట్టి పట్టీ ఆ వింటికి నారివలె నమరియున్నది. అడుగు మోపినపుడు విల్లు కొంచెము సాగును. పాదమెత్తునపుడు మరల బిగిసి దేహమును ముందునకు నెట్టును. బరువు మిక్కుటమైనచో విల్లు క్రుంగును, నారి లాగుకొనును. ప్రొద్దున మంచము దిగి మొదటి యడుగు వేయగానే మడమలో మేకు దిగినట్లగుట పెక్కురకు ఇందువలననే. తడికాలితో గచ్చుపై నడచి ముద్ర చూచుకొనుడు. నడుమ ఖాళీ లేక నిండుగా బడినచో పాదము చదునైనదని యర్థము. పుట్టుకతోనే అట్టి పాదములు గలవారును గలరు. బాధ లేనిచో వారు చింతింప బనిలేదు.

స్థూలకాయుల నడకయు మాఱును. కాళ్లు ఎడముగా వేయుదురు, అడుగు చిన్నది, వేగము తక్కువ. రెండు పాదములును నేలమీద నుండు కాలము ఎక్కువ. ఇది పడిపోకుండుటకు శరీరము చేసికొన్న యేర్పాటు. దీనిని సోమరితనమని యెగతాళి చేయువారు ఒక బస్తా నెత్తుకొని నాలుగు వీధులు తిరిగి చూడవలెను.

బరువు తగ్గినచో నేమగును? దీనిని కొలిచి చూచినవారు అమెరికాలోని వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయమువారు. మోకాళ్లు అరిగిన 142 మంది స్థూలకాయులైన వృద్ధులను పరీక్షించి 2005లో ప్రకటించిన దేమనగా: దేహమున ఒక కిలో తగ్గిన, ప్రతి యడుగునను మోకాలిపై నాలుగు కిలోల యొత్తిడి తగ్గును. నడచునపుడు కండరములు కీలును బిగించి పట్టుటచే భారము ఇంతలంతలగుచున్నది. అయిదు కిలోలు తగ్గినవాడు అడుగడుగునకు ఇరువది కిలోల మూట దించుకొన్నట్లే! అరికాలిపై, ముఖ్యముగా మడమయందును పాదమధ్యమందును, ఒత్తిడి తగ్గును, నడక చుఱుకగును. అయితే క్రుంగిన విల్లు తొల్లింటివలె లేచునని నేను మాట యీయజాలను.

అక్కడివారే 2013లో ప్రకటించిన మఱియొక పరిశీలనలో 454 మంది పాల్గొనిరి. పదునెనిమిది మాసములలో, వ్యాయామము మాత్రమే చేసినవారు రెండు కిలోలైనను తగ్గలేదు. మితాహారమును వ్యాయామమును గలిపి పాటించినవారు పది కిలోలకు పైగా తగ్గిరి. వారికి నొప్పియు తక్కువ, నడకయు వేగమైనది.

ఉపవాసములతో ఒక్క పెట్టున చిక్కిపోవుట మాత్రము మంచిది కాదు. క్రొవ్వుతోపాటు కాలి కండయు కరగును. వృద్ధులకు కండ పోయిన నడకయే పోవును. అన్నము తగ్గించి పప్పు, మజ్జిగ, కూరలు తగ్గింపక తినుట మేలు. మధుమేహము గలవారు వైద్యుని యడిగియే మొదలిడవలెను. వారి పాదములకు స్పర్శ తగ్గియుండవచ్చును. దినమున కొకమాఱు అరికాళ్లు చూచుకొనవలెను, పుండున్నచో అది మానువఱకు నడక మానవలెను. ఏ ప్రయత్నమును లేకయే బరువు తగ్గుచున్నచో, సంతసింపక వైద్యునొద్దకు బోవుడు.

బరువు తగ్గినవారికి పాత చెప్పులు వదులై కాలు జాఱవచ్చును. క్రొత్తవి సాయంకాలము కొలత యిచ్చి కొనుడు. అప్పటికి పాదములు కొంచెము ఉబ్బియుండును గనుక మఱునాడు ఒరయవు.