వల గుండ్లకు సీసం కావాల్నా? బ్యాటరీ మాత్రం ఇంటికి తేకండి

ఇవ్వాళ కొంచెం సీరియస్ ముచ్చట, సీసం గుండ్ల గురించి.

మొదలే ఒక మాట. గుండ్లు అనంగనే "చెరుకు తోటల అడవి పందులు పడుతున్నయ్, తుపాకీ గుండ్లు ఎట్ల పోయాలె?" అని అడిగే దోస్తులు నాకున్నరు. లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేసుడు 1959 ఆయుధాల చట్టం కింద నేరం. జైలుకు పోతరు. అది నేను చెప్ప. నేను చెప్పేది చేపల వల అంచుకు కట్టే గుండ్ల సంగతి.

మాది బోధన్ పక్కన పల్లె. మంజీర గోదావరిలో కలిసే కందకుర్తి మాకు దగ్గరే. మా చిన్నాయన విసురు వలతో చేపలు పడతడు. అంచుకు గుండ్లు లేకుంటే వల తొందరగా మునగదు, చేప కింద నుంచి జారిపోతది. రాళ్ల మీద గుంజంగ గుంజంగ గుండ్లు ఊడుతనే ఉంటయి, మళ్ల పోసుకోవాలె.

ఒకసారి నిజామాబాద్‌ల పాత సామాను దుకాణంల చచ్చిపోయిన లారీ బ్యాటరీ అగ్గువకు దొరికింది. బ్యాటరీ బరువులో సగానికి పైగా సీసమే కదా, లాభమే అనుకున్నడు. గొడ్డలితో పగలగొట్టి, యాసిడ్ మోరీల పారబోసి, ప్లేట్లను వాకిట్లనే కట్టెల పొయ్యి మీద కరగబెట్టిండు. పక్కనే ఆయన బిడ్డ, నాలుగేండ్ల పిల్ల, మట్టిల ఆడుకుంటున్నది.

రెండు నెలలకు పిల్లకు కడుపునొప్పి. అన్నం తినది, ముఖం పాలిపోయింది. నులిపురుగుల మందు వేసినం, దిష్టి తీసినం. ఆఖరికి పిల్లల డాక్టర్ దగ్గరికి తీస్కపోతే ఆయన అడిగిన మాట ఒక్కటే: "ఇంట్ల ఏమన్నా కరగబెడతరా?" చిన్నాయన నోట మాట రాలే. రక్త పరీక్షల సీసం డెసిలీటరుకు 31 మైక్రోగ్రాములు వచ్చింది. 5 ఉంటేనే ఎక్కడి నుంచి వస్తుందో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తది.

అందరం పొగ అనుకుంటం. నేనూ అట్లనే అనుకున్న. కానీ సీసం 327 డిగ్రీలకే కరుగుతది, ఆ వేడికి ఆవిరి తక్కువే. ఎక్కువ భయం దుమ్ముతోని. బ్యాటరీ ప్లేట్లకు ఉండే బూడిద రంగు ముద్ద కూడా సీసం సమ్మేళనమే. పగలగొడితే పొడి రాలి వాకిట్ల, బట్టలల్ల, చేతులకు అంటుతది. పిల్లలు మట్టి చెయ్యి నోట్ల పెట్టుకుంటరు. పైగా ప్లేట్లల్ల ఆర్సెనిక్, యాంటిమొనీ కలుస్తయి. కరిగినంక తీసే తెట్టుకు తడి తగిలితే విషవాయువులు కూడా రావచ్చు.

సెనెగల్ దేశంల డకార్ పక్కన థియారాయ్ అనే చోట 2007 నవంబర్ నుంచి 2008 మార్చి దాకా 18 మంది చిన్నపిల్లలు చనిపోయిన్రు. పాత బ్యాటరీల సీసం పేరుకున్న మట్టిని జనం ఇండ్ల దగ్గర జల్లెడ పట్టుకున్నరు, అదే కారణం.

మరి సీసం ఎక్కడిది? అన్నిటికంటే మంచిది చినిగిన పాత వలల గుండ్లే. అవి ఎక్కడివో మనకు తెలుసు. తర్వాత పాత కేబుళ్ల మీది సీసం తొడుగు, కానీ దాని లోపలి కాగితం, తారు పూర్తిగా తీసెయ్యాలె. టైర్ల షాపుల్ల వీల్ బ్యాలెన్సింగ్ ముక్కలు దొరుకుతయి, అండ్ల మోసం ఉంది. అయస్కాంతానికి అంటుకుంటే ఇనుము. కటింగ్ ప్లయర్‌కు తెగకుండా గట్టిగ ఉంటే జింక్ కావచ్చు, పక్కన పెట్టేయండి. జింక్ 420 డిగ్రీల దాకా కరగదు. దాని కోసం మంట పెంచితే సీసం ఆవిరి కూడా పెరుగుతది. రంగు వేసిన ముక్కలు, ఏందో తెలియని ముక్కలు వద్దే వద్దు.

తుక్కు మంచిదైనా తెట్టు వస్తది, అది కూడా సీసపు పొడే. అందుకే పని ఊరి బయట, పిల్లలు, వంట గిన్నెలు లేని చోట. ముక్కలు ఎండినయే వెయ్యాలె. కరిగిన సీసంల ఒక్క తడి ముక్క పడితే నీళ్లు ఆవిరై సీసం ముఖం మీదికి ఎగజిమ్ముతది. ఆ బట్టలు వేరే ఉతకాలె. చీపురుతో ఊడిస్తే దుమ్ము లేస్తది, తడి గుడ్డతోనే తుడవాలె.

బ్యాటరీ అయితే కొత్తది కొనేటప్పుడు షాపుల్నే ఇచ్చేయండి, ధర తగ్గిస్తరు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం దాన్ని సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యత తయారుచేసే కంపెనీలదే.

మా ఇంట్ల వాకిలి మట్టి తీసి కొత్త మట్టి పోసినం. డాక్టర్ ఐరన్ మందు రాసిండు, పాలు, ఆకుకూరలు పెట్టమన్నడు. ఆరు నెలలకు పరీక్షల 14 వచ్చింది. తగ్గింది కానీ పోలేదు. పిల్ల మళ్ల అన్నం అడుగుతున్నది. చిన్నాయన ఇప్పుడు వల అంచుకు సన్న ఇనుప గొలుసు కట్టిండు. సీసమంత తొందరగా మునగదని రోజూ సణుగుతడు, అయినా పొద్దుగాల అదే వల భుజానేసుకొని మంజీరకు పోతడు.