ముఖం చూపని అమ్మకం
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో ఉపాధ్యాయులకు ప్రతి ఏటా ఇచ్చే అంశం విద్య అవసరం. ఈసారి మేమే వేరే అంశం అడిగి తీసుకున్నాం. సొసైటీకి సహాయం కోరుతూ వచ్చే దరఖాస్తుల్లో ఇదివరకు ఇంటర్ ఫీజు, పాలిటెక్నిక్ ఫీజు, కుట్టుమిషను, ఆపరేషన్ ఖర్చు ఉండేవి. ఈ ఏడాది వాటి మధ్యలో కొత్త రకం కాగితాలు కనబడ్డాయి. ఆన్‌లైన్ కోర్సు ఫీజు కావాలని ఒకరు, ఫోను స్టాండు, లైటు కావాలని ఇంకొకరు. ఏం కోర్సమ్మా అంటే "ఎఫిలియేట్ మార్కెటింగ్ సార్, ముఖం చూపించకుండా వీడియోలు పెట్టి కమీషన్ సంపాదించడం" అన్నారు. కమిటీలో కొందరు పెద్దలు ఇదంతా మోసం, పక్కన పెట్టండన్నారు. యువకులు మాత్రం ఇది హలాల్ సంపాదనే, గడప దాటకుండా ఆడపిల్లలు చేసుకోగల పని, ఇవ్వాల్సిందే అన్నారు. ఇస్తే పోయేది జకాత్ సొమ్ము. ఇవ్వకపోతే ఒక పిల్ల దారి మూసినవాళ్లం అవుతామేమోనన్న భయం. అందుకని ఈ పని చేస్తున్న పిల్లల్ని కొందరిని కూర్చోబెట్టి అడిగాం, నిబంధనలు చదివాం. మాకు అర్థమైనంత చెబుతాం.

ముందు పని ఏమిటో చూద్దాం. అమెజాన్ లాంటి కంపెనీలో పేరు నమోదు చేసుకుంటే ఒక్కో వస్తువుకు మన గుర్తు ఉన్న లింకు ఇస్తారు. ఆ వస్తువు మీద అర నిమిషం వీడియో తీసి లింకు పెట్టాలి. ఎవరైనా ఆ లింకు నొక్కి కొంటే ధరలో కొంత శాతం మనకు వస్తుంది. అమెజాన్ ఈ పద్ధతిని అమెరికాలో 1996లోనే మొదలుపెట్టింది. మన ఊళ్లలో ఇంటింటికీ తెలిసింది చిన్న వీడియోలు వచ్చాకే. 2020 జూన్‌లో టిక్‌టాక్‌ను నిషేధించారు. కొద్ది నెలల్లోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, యూట్యూబ్ షార్ట్స్ ఆ చోటును ఆక్రమించాయి. 2024 అక్టోబరులో యూట్యూబ్ కూడా ఫ్లిప్‌కార్ట్, మింత్రాలతో కలిసి మన దేశంలో ఇలాంటి కమీషన్ పథకం తెచ్చింది. ముఖం లేని వీడియో అంటే రెండు చేతులు, ఒక వస్తువు, వెనుక నుంచి ఒక గొంతు. ఉల్లిగడ్డ తరుగుతున్న చేతులే తప్ప తరిగే మనిషి ఎవరో తెలియదు.

పేరు కొత్తది గాని పని పాతది. దీన్ని మనం దలాలీ అంటాం. జమ్మికుంట పత్తి మార్కెట్టులో, ఆదిలాబాద్ పత్తి మార్కెట్టులో అడ్తిదారు చేసేది ఇదే. అమ్మేవాడిని, కొనేవాడిని కలిపి తన శాతం తీసుకుంటాడు. షరియత్‌లో దలాలీ తప్పు కాదు. కమీషన్ ఎంతో ముందే తేలాలి, సరుకులో లోపం దాచకూడదు, అంతే. కాకపోతే అడ్తి దుకాణానికి బోర్డు ఉంటుంది. తేడా వస్తే రైతు వెళ్లి అరుగు మీద కూర్చుని అడుగుతాడు. ముఖం లేని వీడియోకు అరుగు లేదు. మా సందేహాలన్నీ ఇక్కడే మొదలయ్యాయి.

అయినా మన ఇళ్లలో ఈ పని మీద ఇంత ఆశ ఎందుకో మాకు తెలియకపోలేదు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ వైపు మన ఆడవాళ్లలో ఎంతమంది చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నారో మీకు చెప్పనక్కరలేదు. వేలి కొనలు అరిగిపోయిన చేతులవి. తునికాకు వాసన పట్టిన నోటుపుస్తకాలు మా బల్ల మీదికి ఇన్నేళ్లుగా వస్తూనే ఉన్నాయి. మగవాళ్లు గల్ఫ్‌లో ఉంటారు, ఒక నెల డబ్బు వస్తుంది, రెండు నెలలు రాదు. ఇలాంటి ఇంట్లో పదో తరగతి పాసైన పిల్ల చేతిలో ఫోను ఉంది, వీడియో తీస్తే డబ్బు వస్తుందని ఎవరో చెప్పారు. ఆశపడక ఏం చేస్తుంది?

వీడియోలతో బతుకు మారదని కూడా అనలేం. మన పాత కరీంనగర్ జిల్లాలోని లంబాడిపల్లిలో శ్రీరామ్ శ్రీకాంత్ 2012లో మొదలుపెట్టిన మై విలేజ్ షో ఉండనే ఉంది. కూలి పని చేసి, బీడీలు చుట్టి బతికిన గంగవ్వను ఇవాళ తెలుగువాళ్లందరూ గుర్తుపడతారు. అయితే అక్కడ అమ్ముడుపోయింది ఆమె ముఖం, ఆమె మాట, ఆమె నవ్వు. వాళ్లు ఊరి కథలు చెప్పారు, ఏళ్ల తరబడి చెప్పారు. ముఖం చూపడం ఇష్టంలేని పిల్లకు ఆ దారి లేదు. అది ఆమె ఇష్టం, దాన్ని మనం గౌరవించాలి. ముఖం లేనప్పుడు జనం దేన్ని చూసి నమ్ముతారన్నదే ప్రశ్న.

ఇక లెక్క. మేము లెక్కల టీచర్లం కాకపోయినా ఈ లెక్క బోర్డు మీద వేయక తప్పలేదు. అంకెలు ఉదాహరణకు అనుకున్నవి. కూరగాయలు తరిగే డబ్బా ధర 500 రూపాయలు, కమీషన్ నూటికి 6. ఒకటి అమ్ముడైతే 30 రూపాయలు. వీడియోను 10,000 మంది చూశారు. చూసినవాళ్లలో లింకు నొక్కినవాళ్లు 100 మంది, కొన్నవాళ్లు ముగ్గురు. 90 రూపాయలు. ముగ్గురిలో ఒకరికి నచ్చక వాపసు పంపారు, ఆ కమీషన్ కూడా వాపసే. మిగిలింది 60. అది కూడా చేతికి వచ్చేది సుమారు రెండు నెలల తర్వాత. వీడియో తీయడానికి ఆ డబ్బాను మనం 500 పెట్టి కొన్నాం కదా, ఆ ఖర్చు తిరిగి రావాలంటే 17 అమ్ముడుపోవాలి. మన లింకుతో మనమే కొంటే కమీషన్ ఇవ్వరు. అమెజాన్‌లో లింకు నొక్కిన మనిషి ఒక రోజు లోపల కొనాలి లేదా కనీసం బుట్టలో వేసుకోవాలి. రేపు కొందాంలే అనుకున్నవాడు మన లెక్కలోకి రాడు. చేరిన 180 రోజుల్లో మూడు అమ్మకాలైనా లేకపోతే ఖాతానే మూసేస్తారు. ఇవన్నీ వాళ్ల నిబంధనల్లో రాసే ఉన్నాయి, దాచలేదు. చదివేవాళ్లే లేరు.

బోర్డు ముందు కూర్చున్న ఒక పిల్ల "అయితే వంద వీడియోలు పెడితే సార్?" అంది. మంచి ప్రశ్న. నిజంగా సంపాదిస్తున్నవాళ్లు చేస్తున్నది అదే. రోజుకొకటి చొప్పున ఏడాది పెడితే వాటిలో ఏ ఒక్కటో లక్షల మందికి చేరుతుంది. ఏది చేరుతుందో పెట్టినవాళ్లకూ తెలియదు. వాన మీద ఆధారపడి పత్తి వేసే ఆదిలాబాద్ రైతుకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. నెల జీతంలాగా దీన్ని నమ్ముకుని అప్పు చేయకూడదు, చదువు మానకూడదు.

ఇంత సన్నటి ఆదాయం మీద వేల రూపాయల కోర్సు ఎలా అమ్ముడుపోతోంది? ఒక దరఖాస్తు వెనుక ఉన్న కోర్సు వివరాలు తెప్పించి చూశాం. పేరు చెప్పం. అందులో వస్తువులు అమ్మడం గురించి ఉన్నది కొద్దిగా. మిగతాదంతా ఆ కోర్సునే ఇంకొకరికి అమ్మితే మీకు సగం ఇస్తాం అని. చేరిన పిల్ల తన చిన్నమ్మ కూతుర్ని చేర్చాలి, ఆ పిల్ల తన స్నేహితురాలిని. చివర చేరినవాళ్లకు చేర్చడానికి మనిషి మిగలడు. ఇది దలాలీ కాదు, గొలుసు. ఇంకొక రకం ఉంది, వీడియోలకు లైకు కొడితే డబ్బు అంటారు. మొదట రెండు మూడు వందలు నిజంగానే వేస్తారు, తర్వాత డిపాజిట్ కట్టమంటారు. అలా కట్టినవాళ్లు సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930కి ఫోను చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఇప్పుడు నిజాయితీ సంగతి. జగిత్యాల వైపు మా దగ్గర పదో తరగతి చదివిన అమ్మాయి ఒకతె వంటింటి సామాను మీద వీడియోలు పెడుతోంది. తల్లి బీడీలు చుడుతుంది, పిల్ల దూరవిద్యలో డిగ్రీ చదువుతోంది. ఒక డబ్బా సెట్టు కొని వాడి చూసి, మూత గట్టిగా లేదు, పప్పులకు బాగుంటుంది గాని నూనె పోయొద్దు అని వీడియోలోనే చెప్పింది. కింద మెచ్చుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు, కొన్నవాళ్లు లేరు. అదే డబ్బాను చేత్తో ముట్టకుండా కంపెనీ బొమ్మలు అతికించి, కంప్యూటర్ గొంతుతో "నేను ఆరు నెలలుగా వాడుతున్నాను" అని చెప్పించిన ఇంకొకరి వీడియోకు అమ్మకాలు బాగా ఉన్నాయట. ఏడు నెలల్లో ఈ పిల్లకు వచ్చింది రెండు వేలు దాటలేదు. "అబద్ధం చెప్పకపోతే అమ్ముడుపోదా సార్?" అని అడిగింది.

బజారులో ధాన్యపు కుప్పలో ప్రవక్త (స) చెయ్యి పెట్టి చూస్తే లోపల తడి తగిలిన సంఘటన మీ అందరికీ తెలుసు. వానకు తడిసిందని వర్తకుడు చెబితే, మరి ఆ తడిని జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన అడిగారు. ఆ పిల్ల చేసింది తడి గింజల్ని పైన పెట్టడమే. ఆమెకు అమ్మకం తగ్గింది, నిజమే. అంత మాత్రాన దాచమని ఏ నోటితో చెబుతాం? మేము చెప్పింది ఒకటే. ఆ డబ్బా వదిలేసి మూత బాగున్న డబ్బా వెతుకు, అన్నాం. ఇప్పుడు కొనేముందే వాడినవాళ్ల అభిప్రాయాలు చదివి ఎంచుకుంటోంది. అమ్మకాలు కాస్త మెరుగేనంటోంది, చూడాలి.

చట్టం కూడా ఇదే అడుగుతోంది. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో వచ్చింది. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖ వీడియోలు పెట్టేవాళ్లకు సూచనలు విడుదల చేసింది. కమీషన్ తీసుకుంటున్నట్లయితే ఆ సంగతి చెప్పాలి, వీడియో ఏ భాషలో ఉందో ఆ భాషలోనే చెప్పాలి, కింద చిన్న అక్షరాల్లో దాచకుండా వీడియోలోనే చెప్పాలి. వాడని వస్తువును వాడినట్లు చెప్పకూడదు. తప్పుదారి పట్టించే ప్రకటనకు 10 లక్షల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా ఉంది. మన పిల్లల మీదికి ఇప్పుడే ఎవరో వస్తారని బెదిరించడం లేదు. "ఈ లింకుతో కొంటే నాకు కమీషన్ వస్తుంది" అన్న ఒక్క ముక్క తెలుగులో చెప్పడానికి పట్టేది రెండు సెకన్లు. అలా చెప్పినవాళ్ల మీద నమ్మకం పెరుగుతుందే గాని తగ్గదని మా అభిప్రాయం.

దాగి ఉండడం గురించి కూడా పిల్లలకు పొరపాటు అభిప్రాయం ఉంది. ముఖం చూపకపోతే ఎవరికీ తెలియదనుకుంటారు. చూసేవాళ్లకు తెలియకపోవచ్చు. కంపెనీకి పాన్ నంబరు, బ్యాంకు ఖాతా ఇచ్చాం కదా. కమీషన్ ఏడాదిలో పరిమితి దాటితే పన్ను పట్టుకునే ఇస్తారు. 2024 అక్టోబరు నుండి అది 2 శాతం, పాన్ ఇవ్వనివాళ్లకు 20 శాతం. పన్ను కట్టేంత ఆదాయం లేకపోతే రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. అన్న పేరు మీద, మామ పేరు మీద ఖాతా తెరిచిన పిల్లలు ఇద్దరు మాకు తగిలారు. కష్టం పిల్లది, డబ్బు అన్న ఖాతాలో. దీని గురించి తల్లులు ఇంట్లో మాట్లాడాలి.

ముఖం దాచినా ఇల్లు బయటపడే సందర్భాలూ ఉన్నాయి. పార్సిల్ విప్పే వీడియోలో అట్టపెట్టె మీద పేరు, వీధి, ఫోను నంబరు అచ్చయి ఉంటాయి. స్టీలు గిన్నెలో, మిక్సీ జార్‌లో మనిషి నీడ పడుతుంది. కిటికీలోంచి మసీదు మినారో, స్కూలు బోర్డో కనబడుతుంది. ఒక తండ్రి తన కూతురి వీడియోలు మా ముందు ఆపి ఆపి చూసి, ఇలాంటివి నాలుగు పట్టుకున్నాడు. ఆయన బీడీ కంపెనీలో టేకేదారు, తప్పు బీడీ ఏరడంలో కన్ను అలవాటు పడింది మరి. నిజంగా దాగి ఉండాలనుకుంటే పెట్టేముందు ఇంట్లో ఇంకొకరు చూడాలి.

ఇంకొక ఆలోచన చెబుతాం, ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు. ఎక్కడో తయారైన ప్లాస్టిక్ డబ్బాకు 30 రూపాయల కమీషన్ కోసం తంటాలు పడే బదులు, కరీంనగర్ వెండి తీగ పని, నిర్మల్ పొనికి చెక్క బొమ్మల మీద ఈ చేతుల వీడియోలు ఎందుకు తీయకూడదు? వెండి తీగను మెలిపెట్టే చేతులకన్నా చూడదగిన చేతులు ఏముంటాయి? పనివారితో నేరుగా మాట్లాడుకుని, అమ్మకానికి ఇంత అని కాగితం మీద రాసుకోవచ్చు. సరుకును చేత్తో పట్టి చూడవచ్చు, తేడా వస్తే వెళ్లి అడగవచ్చు. అరుగు ఉన్న దలాలీ అది. మన కుట్టు శిక్షణ కేంద్రంలో పిల్లలు కుట్టే బట్టలకూ ఇదే వర్తిస్తుంది.

ఇక కమిటీకి మా మనవి. కోర్సు ఫీజుల దరఖాస్తులకు డబ్బు ఇవ్వవద్దు. కోర్సులో నేర్పేదంతా ఆ కంపెనీల సహాయ పేజీల్లో ఉచితంగానే ఉంది, తెలుగులో విడమరచి చెప్పే పని మేము తీసుకుంటాం. స్టాండు, లైటు ఒక్కొక్కరికి ఇచ్చే బదులు ఒక జత కొని కుట్టు కేంద్రం వెనుక గదిలో పెడితే ఆదివారం పిల్లలు వంతులవారీగా వాడుకుంటారు. చేరాలనుకునే పిల్లకు 18 ఏళ్లు నిండాలి, పాన్, ఖాతా తన పేరు మీదే ఉండాలి, చదువు మానలేదని రుజువు చూపాలి. కొన్న సామాను వీడియో అయ్యాక మన దగ్గరే ఉంటే తర్వాతి పిల్ల వాడుకుంటుంది, ఒకే డబ్బాను పదిమంది కొనక్కరలేదు. ఏడాది చూసి, ఎవరికెంత వచ్చిందో వచ్చే సభలో పేర్లు లేకుండా చదివి వినిపిస్తాం, తక్కువ వచ్చినా సరే. నోటుపుస్తకం మాత్రం ఇప్పుడే తెరిచాం. మొదటి పేజీలో ఆ మూత సరిగా లేని డబ్బా ఖర్చు రాసి ఉంది.