పాత ఫోనుకు కొత్త మైకు

ఒడిశాలోని అస్కాలోనో, బరంపురంలోనో మీ ఇంట్లో ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ (ఐ.టి.ఐ.) వారి నల్ల డయల్ ఫోను ఇంకా ఉందా? అవతలివారి మాట మీకు బాగానే వినిపిస్తూ, మీ మాట మాత్రం వాళ్లకు గరగరమంటుంటే, లోపం చాలావరకు మైకుదే.

రిసీవరు కింది మూత తిప్పి తీస్తే గుండ్రటి బిళ్ల కనిపిస్తుంది, అదే మైకు. అందులో ఉండేవి బొగ్గు రేణువులు. మాట తాకిడికి పలుచని రేకు కదిలి వాటిని నొక్కుతుంది, దాంతో కరెంటు హెచ్చుతగ్గులవుతుంది. ఏళ్ల తరబడి చెమ్మ చేరితే రేణువులు గడ్డకడతాయి. తట్టితే కాసేపు పలుకుతుంది, అంతే.

దీనికి బదులు ఎలెక్ట్రెట్ మైకు వాడవచ్చు. 1962లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో జేమ్స్ వెస్ట్, గెర్హార్డ్ సెస్లర్ దీన్ని రూపొందించారు. అయితే మైకు ఒక్కటే చాలదు. బొగ్గు మైకు సంకేతాన్ని తానే పెంచుతుంది. ఎలెక్ట్రెట్‌కు చిన్న ఆంప్లిఫయరు కావాలి. లైను తీగల ప్లస్ మైనస్‌లు తారుమారైనా పనిచేయాలంటే నాలుగు డయోడ్ల బ్రిడ్జి ఉండాలి.

విప్పేముందు లైను తీగ తప్పక ఊడదీయండి. గంట మోగేటప్పుడు అందులో షాకు కొట్టేంత వోల్టేజీ ఉంటుంది. తీసిన పాత బిళ్లను పారేయకుండా దాచండి. మైకు పోయిందని మంచి ఫోనును తుక్కుకు వేయకండి.