బండిలో జరిగిన నేరానికి హద్దు లేదు

(గాజువాక దగ్గర ఒక పేటలో చేసిన ప్రసంగ పాఠం)



స్టీలు ప్లాంటులో, పోర్టులో కాంట్రాక్టు పని దిగి రాత్రిపూట ఇంటికి రావాలంటే మన ఆడోళ్లకి షేరాటోనో, ఫోన్‌లో పిలిచిన క్యాబో దిక్కు. ఆ బండిలో ఎవడైనా అఘాయిత్యం చేస్తే "ఆ టైములో ఎందుకెక్కావు?" అని మనల్నే అడుగుతారు. కూలికెళ్లడం నేరమా? నేరం వాడిది. సిగ్గూ వాడిదే.

స్టేషనుకెళితే "కూర్మన్నపాలెంలో ఎక్కావు, అనకాపల్లి రోడ్డులో జరిగింది, మా ఏరియా కాదు, ఎల్లు" అంటారు. కదలొద్దు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనైనా ఫిర్యాదు రాసుకోవాలి. దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ఇదే చెబుతోంది. మహిళా అధికారి రాసుకోవాలి. కాపీ ఉచితంగా ఇవ్వాలి. అత్యాచారం ఫిర్యాదు రాసుకోని అధికారికి న్యాయ సంహిత 199 కింద 6 నెలల నుంచి 2 ఏళ్ల జైలు.

కేజీహెచ్ అయినా, ప్రైవేటు ఆస్పత్రి అయినా వెంటనే ఉచితంగా వైద్యం చేయాలి. ఒంటిమీది బట్టలు ఉతక్కండి. బండి నంబరు, బుకింగ్ మెసేజి దాచండి. ఆలస్యమైనా సరే, రండి.

ఇంకో మాట. ఫిర్యాదులో కులం రాయించండి. 2011లో మన రాష్ట్రంలో చూపులేని దళిత యువతిపై జరిగిన అత్యాచారం కేసులో 2021లో సుప్రీంకోర్టు జీవిత ఖైదు ఖాయం చేసింది. అట్రాసిటీ చట్టం కింద శిక్ష మాత్రం కొట్టేసింది. కులం కారణంగానే చేశాడని రుజువు కాలేదంది. అది పాత చట్టం. 2016 జనవరి 26 నుంచి, ఎస్సీ అని తెలిసి చేస్తే చాలు. పక్కూరి ఆటోవాడు మన కుటుంబాన్ని ఎరిగినవాడైతే, కులం తెలుసనే కోర్టు భావిస్తుంది. తెలీదని వాడే రుజువు చేసుకోవాలి. ముక్కూమొహం తెలియని క్యాబువాడైతే ఇది కష్టమే. అయినా అత్యాచారం కేసు నిలుస్తుంది. అట్రాసిటీ కేసైతే డీఎస్పీ దర్యాప్తు చేయాలి. అత్యాచారానికి పరిహారం 5 లక్షలు. వైద్య నివేదిక ధ్రువపరిచాక సగం ఇవ్వాలి.

ఇన్ని చట్టాలున్నా దర్యాప్తు చెడితే ఏమవుతుందో మన విశాఖలోనే చూశాం. 2007 ఆగస్టులో వాకపల్లిలో 11 మంది ఆదివాసీ ఆడపడుచులు గ్రేహౌండ్స్ పోలీసుల మీద ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు నిందితుల్ని వదిలేసింది. దర్యాప్తు సరిగా జరగలేదంది. బాధితులకి పరిహారం ఇమ్మంది. మొదట్లో చెడగొట్టిన పనిని 16 ఏళ్ల తర్వాత ఎవరు బాగుచేస్తారు?

అందుకే ఏ చెల్లినీ ఒంటరిగా స్టేషనుకి పంపొద్దు. పేటంతా కదలాలి. కాపీ చేతికొచ్చేదాకా గుమ్మం దిగొద్దు.

జై భీమ్!