పదకొండు పాయింట్ల దూరం

పట్టాలు అందుకుంటున్న మీ అందరికీ అభినందనలు.

ఈరోజు మీకు ఆండ్రాస్ బాల్చో అనే హంగేరీ క్రీడాకారుడి గురించి చెప్పాలని వచ్చాను. ఆయన ఆట మోడర్న్ పెంటాథ్లాన్. అప్పట్లో అది కత్తియుద్ధం, ఈత, గుర్రపు స్వారీ, పిస్టల్ షూటింగ్, పరుగు కలిసిన పోటీ. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో మొదలైంది. బాల్చో రోజుల్లో ఐదు పోటీలూ ఐదు రోజులు సాగేవి. స్వారీకి సొంత గుర్రం ఉండేది కాదు. చీటీలో వచ్చిన గుర్రాన్నే ఎక్కాల్సి వచ్చేది. ఎంత వేగంగా పరుగెత్తేవాడైనా షూటింగ్‌లో చెయ్యి వణికితే వెనకబడిపోతాడు. ఇలాంటి ఆటలో ఒకసారి గెలవడమే గొప్ప. బాల్చో 1963, 1965, 1966, 1967, 1969లలో వ్యక్తిగత ప్రపంచ విజేత అయ్యాడు.

ఒలింపిక్స్‌లో మాత్రం వ్యక్తిగత స్వర్ణం చాలాకాలం అందలేదు. 1960 రోమ్‌లో జట్టుకు స్వర్ణం వచ్చింది, ఆయన నాలుగో స్థానంలో ఆగిపోయాడు. 1964లో టోక్యో బరిలో ఆయన లేనేలేడు. 1968 మెక్సికోలో దాదాపు ఐదు వేల పాయింట్ల లెక్కలో కేవలం 11 తేడాతో స్వీడన్‌కు చెందిన బియోర్న్ ఫెర్మ్ చేతిలో ఓడిపోయాడు. అప్పటికి వయసు ముప్ఫై. ఇక చాలనుకుంటే ఎవరూ తప్పుపట్టేవారు కారు. మరుసటి ఏడాదే బుడాపెస్ట్‌లో మళ్లీ ప్రపంచ విజేతగా నిలిచాడు. ఆయన జీవితంలో నేను అన్నిటికన్నా గౌరవించేది ఆ ఏడాదినే.

1972లో మ్యూనిక్‌లో, ముప్ఫై నాలుగేళ్ల వయసులో, ఆ స్వర్ణం ఆయనదైంది. అక్కడ రజతం గెలిచిన సోవియట్ క్రీడాకారుడు బోరిస్ ఒనిషెంకో కూడా సామాన్యుడు కాదు. కానీ నాలుగేళ్ల తర్వాత మాంట్రియల్‌లో ఆయన కత్తి పిడిలో రహస్య మీట దొరికింది. కత్తి ప్రత్యర్థికి తగలకపోయినా తగిలినట్టు దీపం వెలిగించే ఏర్పాటు అది. వెంటనే పోటీ నుంచి వెళ్లగొట్టారు. అంత నైపుణ్యం ఉన్న మనిషి అలా చేయడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

అడ్డదారి తొక్కకుండా ఏళ్లతరబడి ప్రయత్నించిన బాల్చోనే గుర్తుంచుకోండి. మీలో కొందరికి ఈ నెలలోనే ఉద్యోగం వస్తుంది. కొందరికి ఏళ్లు పట్టవచ్చు. తల్లిదండ్రులారా, మీకు నాదొక విన్నపం. పక్కింటి పిల్లలతో పోల్చి మీ బిడ్డను నిలదీయకండి. దయచేసి కొంత గడువు ఇవ్వండి.