అప్ప నడుం కొలత

(మన హైస్కూలు స్వర్ణోత్సవాల పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగం)

 

నన్ను వంతెనల గురించి మాట్లాడమన్నారు. ముప్పై ఏళ్లుగా అదే పని కాబట్టి నాకు సులువే. కానీ పొద్దున్న మా పదో తరగతి ఆడపిల్లల్ని చూశాక మనసు మారింది. ఆడపిల్లలంటున్నాను గానీ అందరూ అమ్మమ్మలే. కుశలం అడిగితే ఒకటే మాట: తిండి తగ్గించినా పొట్ట తగ్గడం లేదట. ఈ మాట మా అప్ప దగ్గర ఎప్పుడో విన్నాను, విని తప్పుడు సలహా ఇచ్చాను. ఆ సంగతే చెప్తాను. నేను డాక్టర్ని కాను. అప్పను తిప్పిన డాక్టర్లను అడిగి, కొంత చదివి తెలుసుకున్నదే ఇది.

మా అమ్మ డొంకూరు నుంచి చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగేది. అప్పను పలాస ఇచ్చాం. జీడి ఫ్యాక్టరీలో పొద్దున్న కూర్చుంటే సాయంత్రం దాకా పప్పు పొట్టు తీయడమే. ముప్పయ్యెనిమిదో ఏట కడుపునొప్పని వెళ్తే గర్భసంచి తీసేశారు. అండాశయాలు కూడా తీశారని పదేళ్ల తర్వాత పాత కాగితాలు వెతికితే తెలిసింది. ఇది మా ఇంటి కథే కాదు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో ఈ ఆపరేషన్ అయినవారు దేశం మొత్తంమీద నూటికి ముగ్గురైతే, మన రాష్ట్రంలో దాదాపు తొమ్మిదిమంది. ఈ సభలోనూ ఉంటారు. చేతులెత్తమనను.

అండాశయాలు ఉన్నంతకాలం ఈస్ట్రోజెన్ తయారవుతుంది. అది కొవ్వును తుంట్లకు, తొడలకు పంపిస్తుంది. అక్కడ చేరిన కొవ్వు పెద్దగా హాని చెయ్యదు. ముట్లు ఆగాక (మన దేశంలో సగటున నలభై ఆరు, నలభై ఏడేళ్లకే ఆగుతాయి) ఈస్ట్రోజెన్ పడిపోయి కొవ్వు పొట్టలోకి, పేగుల చుట్టూ చేరుతుంది. అక్కడి రక్తం నేరుగా కాలేయానికి పోతుంది కాబట్టి, ఆ కొవ్వు వదిలే ఆమ్లాలు కూడా అక్కడికే పోతాయి. కాలేయం ఇన్సులిన్ మాట వినడం మానేస్తుంది. షుగరు, రక్తంలో కొవ్వు పెరుగుతాయి. బరువు ఎంతన్నది ఒక లెక్క, ఎక్కడ పడిందన్నది ఇంకో లెక్క. దూలం మీద అదే బరువును గోడ దగ్గర పెట్టినా నడిమధ్య పెట్టినా ఒకటేనా?

నాకు ఆ తెలివి అప్పుడు లేదు. తిన్నది ఎక్కువ, ఖర్చయింది తక్కువ, అంతే లెక్క అనుకుని, "రాత్రి అన్నం మానీ అప్పా" అన్నాను. ఆర్నెల్ల తర్వాత, "మానీసినానురా బావూ, అయినా పొట్ట సూడు" అంది. కాళ్లు మాత్రం సన్నబడ్డాయి. మరుసటేడు షుగరు బయటపడింది.

అమెరికాలో 1996లో మొదలైన 'స్వాన్' అధ్యయనంలో స్త్రీలను ఏళ్ల తరబడి కొలుస్తూ వచ్చారు. ముట్లు ఆగే ముందూ వెనకా కొన్నేళ్లు కొవ్వు చేరే వేగం రెట్టింపయింది, కండ కరిగింది. తూకం మీద మాత్రం ప్రత్యేకమైన ఎగుడు కనిపించలేదు. తిన్న చక్కెరను ఎక్కువగా వాడుకునేది కండే. అప్ప పస్తులుంటే కొవ్వుతోపాటు ఉన్న కాస్త కండా పోయింది. ఆ పాపంలో నా వాటా ఉంది.

అలాగని కొవ్వు మొత్తం శత్రువు కాదు. ముట్లు ఆగాక ఒంట్లో మిగిలే కాస్త ఈస్ట్రోజెన్ ఎక్కువగా కొవ్వులోనే తయారవుతుంది. అందుకే మరీ బక్కచిక్కినవాళ్ల ఎముకలు త్వరగా గుల్లబారతాయి. కొవ్వు మరీ ఎక్కువైతే ఆ ఈస్ట్రోజెనే రొమ్ము క్యాన్సరుకు, గర్భసంచి క్యాన్సరుకు దారి చూపుతుంది. ముట్లు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనిపించినా ఆరోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి. సైన్సులో ఈ పాఠం వచ్చిన రోజు తలలు దించుకుని నవ్వుకున్న బ్యాచ్ మాది. మాస్టారూ, ఇప్పుడు తలెత్తి చెప్తున్నాను.

అప్ప ఇప్పుడేం చేస్తోందంటే, ఫ్యాక్టరీలో గంటకోసారి లేచి నాలుగడుగులు వేస్తుంది. ఇంట్లో చేతులు కట్టుకుని కుర్చీలోంచి లేచి కూర్చోవడం పదిసార్లు, రెండు నీళ్ల సీసాలు ఎత్తడం ఇంకో పదిసార్లు. రాత్రి మళ్లీ తింటోంది, అన్నం తక్కువ, చేప, పప్పు ఎక్కువ. ఇక్కడొక మెలిక ఉంది. మనది ఉద్దానం. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు ఆ చేప, పప్పు ఎక్కువైతే ప్రమాదం. అందుకే ముందు క్రియాటినిన్ పరీక్ష చేయించాకే అప్పకు తిండి మార్చాం. మోకాళ్లకని ఊరికే మింగే నొప్పి బిళ్లలు కూడా కిడ్నీకి చేటు. షుగరు, బీపీ వస్తే దెబ్బ పడేదీ దానికే. వేరే ఊళ్లో పొట్ట పొట్టే. మన ఊళ్లో అది కిడ్నీ సంగతి కూడా.

మన దేశపు ఆడవాళ్లకు నడుం చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలంటారు. బొడ్డు దగ్గర, ఊపిరి వదిలి కొలవాలి. అప్పది నిరుడు 96. మొన్న సంక్రాంతికి 91. బరువు ఒక్క కిలోయే తగ్గింది. తూకం చూసి మొహం ముడుచుకుంటే టేపు చూపించాను. దాన్ని నా దగ్గర లాక్కుని, మీ వదినను పిలవరా అంది.